తెలుగు రాతలో తప్పులు పట్టడం: కన్ను దాటేసేవి, స్పెల్‌చెకర్ దాటేసేవి

రాసినవాళ్లే మూడుసార్లు చదివినా శుభలేఖలోనో, కరపత్రంలోనో, ప్రశ్నపత్రంలోనో ఒక తప్పు మిగిలిపోతుంది. అచ్చయి చేతికొచ్చాక మొదటి చూపులోనే అది కళ్లకు గుచ్చుకుంటుంది. రాసినవాళ్లు అర్థం కోసం చదువుతారు. ఏం రాయాలనుకున్నారో మనసులో ఉంటుంది కాబట్టి కాగితం మీద ఏముందో కన్ను సరిగా చూడదు. స్పెల్‌చెకర్‌కు అర్థంతో పని లేదు. పదాన్ని తన జాబితాలో వెతుక్కుంటుంది, దొరక్కపోతే ఎర్రగీత గీస్తుంది.

ఈ రెండూ దాటేసే తప్పులు వేరువేరు. ఏ తప్పును యంత్రానికి వదలాలో, ఏది కంటితోనే పట్టాలో విడదీసుకుని వరసగా పని చేస్తే చాలావరకు బయటపడతాయి. వెయ్యి పదాల వ్యాసానికి గంట, శుభలేఖకు అరగంట కేటాయించుకోండి.

1. మొదలుపెట్టే ముందు

☐ రాత పూర్తయ్యాక ఒక రాత్రి పక్కన పెట్టండి. అంత వ్యవధి లేకపోతే కనీసం అరగంట వేరే పనిలో ఉండండి.

☐ మూలం ఫైలును కదపకుండా ఒక కాపీ తీసి, ఆ కాపీలోనే దిద్దండి. ఫైలు పేరులో తేదీ పెట్టండి.

☐ రాత యూనికోడ్‌లో, అంటే ఏ ఫోనైనా కంప్యూటరైనా చదవగల అక్షర సంకేతాల్లో, ఉందో లేదో చూడండి. ఒక పేరా కాపీ చేసి వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. తెలుగు తెలుగుగానే కనిపిస్తే యూనికోడే. పిచ్చి గుర్తులు, ఇంగ్లిషు అక్షరాలు కనిపిస్తే అది అను వంటి పాత డీటీపీ ఫాంటులో ఉంది. దాన్ని యూనికోడ్‌లోకి మార్చేదాకా ఏ స్పెల్‌చెకరూ పని చేయదు.

☐ ఒక తెల్లకాగితం తీసుకుని 'మా వరస' అని పైన రాయండి. రెండు రకాలుగా రాయగల మాటలకు ఏది వాడుతున్నారో ఇందులో తేల్చుకోవాలి: పెళ్లి అంటారా, పెళ్ళి అంటారా? హైదరాబాద్‌లో అని కలిపి రాస్తారా, హైదరాబాద్ లో అని విడదీస్తారా? రాజమండ్రా, రాజమహేంద్రవరమా? రెండూ చెల్లేవే. ఒకే పేజీలో రెండూ కనిపించడమే తప్పు.

☐ ఎరుపు పెన్ను, ఒక పోస్టుకార్డు ముక్క దగ్గర పెట్టుకోండి. కార్డు సంగతి 7వ మెట్టులో వస్తుంది.

2. తారుమారైన అక్షరాలను కన్ను ఎలా సర్దుకుంటుంది

ఈ వాక్యం చదవండి:

గ్రంథాయంలలో పుకాస్తలు చదడావనికి విర్థుద్యాలు వన్నాస్తురు.

ప్రతి పదంలో మొదటి అక్షరం, చివరి అక్షరం కదల్లేదు. మధ్యవి చోటు మారాయి. కాస్త తడబడినా 'గ్రంథాలయంలో పుస్తకాలు చదవడానికి విద్యార్థులు వస్తున్నారు' అని అందుతుంది. ఇంత చెదిరిన వాక్యాన్నే సర్దుకోగల కన్ను, పేరా మొత్తంలో ఒక్క పదంలో ఒక్క ఒత్తు పోతే ఆగుతుందా?

ఇలాంటి ఇంగ్లిషు పేరా ఒకటి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధన అన్న పేరుతో 2003 నుంచి చేతులు మారుతోంది. అక్కడ అలాంటి పరిశోధన జరగలేదు. మధ్య అక్షరాలు ఎలా ఉన్నా ఇబ్బంది లేదన్న మాటా నిజం కాదు. 2006లో మనస్తత్వ శాస్త్రవేత్త కీత్ రేనర్, ఆయన సహచరులు ఇంగ్లిషు పాఠకులతో ప్రయోగం చేసి వేగం కొలిచారు. పదం మధ్య అక్షరాలు మారితే చదివే వేగం 11 శాతం తగ్గింది. చివరివి మారితే 26 శాతం, మొదటివి మారితే 36 శాతం తగ్గింది.

తప్పులు దిద్దేవారికి ఇందులో పనికొచ్చే మాట ఒకటుంది. కన్ను అన్నిటికన్నా తక్కువగా తడబడేది పదం నడుమ. తప్పు దాక్కునే చోటూ అదే. కాబట్టి పొడుగు పదం కనిపించినప్పుడల్లా మొదలు, చివర వదిలేసి నడుమ భాగం చూడటం అలవాటు చేసుకోవాలి.

తెలుగులో దీనికి తోడు మరో చిక్కు ఉంది. గుడి గుడిదీర్ఘమైనా, ఎత్వం ఏత్వమైనా పదం ఆకారం పెద్దగా మారదు. ద, ధ, థ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. ధకు కింద చిన్న గీత, థకు ఆ గీతతో పాటు కడుపులో ఒక చుక్క. 10 పాయింట్ల సైజులో, ఫోను తెరమీద ఈ తేడా కనిపించదనే అనుకోవాలి.

ఇంకో ప్రమాదం, అక్షరాలు అటూఇటూ అయితే మరో అసలు పదం పుట్టడం. 'తెలుగు' అనే మాటలో లు, గు చోటు మార్చుకుంటే 'తెగులు' అవుతుంది. తలుపులో ఒక కొమ్ము జారితే తలపు. పదవీ విరమణ రాయబోయి పదవీ వివరణ అని కొడితే, కన్నూ దాటేస్తుంది, స్పెల్‌చెకరూ దాటేస్తుంది. ఇంగ్లిషులో ఫ్రమ్ బదులు ఫామ్ పడటం ఇలాంటిదే.

3. మీ కీబోర్డును బట్టి మీ తప్పులు

ఏ పద్ధతిలో టైపు చేస్తారో తెలిస్తే ఏ తప్పులు వెతకాలో సగం తెలిసినట్టే.

ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషలకు ప్రభుత్వం ఖాయం చేసిన కీబోర్డు అమరిక): మహాప్రాణాలన్నీ షిఫ్ట్ మీద ఉంటాయి. ద మీద షిఫ్ట్ నొక్కితే ధ, త మీద థ, బ మీద భ. ల-ళ, స-శ కూడా అంతే. షిఫ్ట్ అందకపోతే 'బుద్ది', ముందుగా నొక్కితే 'భాద' వస్తాయి. గుడికి సరిగ్గా పై వరసలో గుడిదీర్ఘం, కొమ్ముకు పై వరసలో కొమ్ముదీర్ఘం ఉంటాయి కాబట్టి వేలు జారితే దీర్ఘం మారుతుంది.

ఇంగ్లిషు అక్షరాలతో టైపు చేసేవారు: పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడాతో ల-ళ, న-ణ, ద-డ, త-ట తారుమారవుతాయి. అచ్చు రెండుసార్లు కొట్టాల్సిన చోట ఒకసారే కొడితే దీర్ఘం పోతుంది.

ఫోనులో సూచనలు నొక్కేవారు: పదం ఎప్పుడూ శుద్ధంగానే ఉంటుంది, కానీ అది మీకు కావలసిన పదం కాకపోవచ్చు. 'వచ్చారు' బదులు 'వచ్చాడు', 'వాళ్లకి' బదులు 'వాళ్లని' పడతాయి. వీటిని ఏ ఎర్రగీతా చూపదు. మాటతో టైపు చేసేవారిదీ ఇదే పరిస్థితి. పైగా పేర్లు, విరామచిహ్నాలు తప్పుతాయి.

స్కాన్ చేసిన పేజీ నుంచో, పాత ఫాంటు నుంచో మార్చిన రాత: ఆకారం దగ్గరగా ఉన్న అక్షరాలు మారతాయి. వ-ప, మ-వు, ద-ధ-థ, సున్నకు బదులు అంకె 0. ఇలాంటి ఫైలును మాత్రం మూలం పక్కన పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా పోల్చి చూడాల్సిందే. దగ్గరదారి లేదు.

4. ఆన్‌లైన్ స్పెల్‌చెకర్‌ను నమ్మే ముందు పరీక్షించండి

తెలుగు స్పెల్‌చెకర్లకు ఉన్న అసలు ఇబ్బంది మన భాష కట్టుబడిలోనే ఉంది. ఒక క్రియకు కాలం, వ్యతిరేకం, 'అని', 'అంటే', 'కూడా' అన్నీ అతుక్కుని ఒకే పదం అవుతాయి. అలా పుట్టే రూపాలన్నిటినీ జాబితాలో పెట్టడం సాధ్యం కాదు. అందుకే మంచి పదానికీ ఎర్రగీత పడుతుంది. గీతలు మరీ ఎక్కువైతే వాడేవారు విసిగి అన్నిటినీ వదిలేస్తారు. అసలు తప్పు ఆ గుంపులో కలిసిపోతుంది.

కొత్త స్పెల్‌చెకర్ ఏది దొరికినా ముందు ఈ మూడు గుంపులు అందులో పెట్టి చూడండి. ఐదు నిమిషాల పని.

మొదటి గుంపు, పదీ తప్పు పదాలే. పట్టుకోవాలి: భాద్యత, విధ్యార్థి, పరిక్ష, అభివృద్ది, నిర్దారణ, ఆహ్వనం, దుఖం, ఉపాద్యాయుడు, ప్రార్ధన, సుమూహూర్తం.

రెండో గుంపు, పదీ సరైనవే. గీత పడకూడదు: చెప్పలేకపోతున్నామని, తెలుసుకోవాల్సినవాటిలో, వెళ్లిపోతుండగానే, అడగకపోయినప్పటికీ, పుస్తకాలన్నిటిలోనూ, మాట్లాడుకుంటున్నప్పుడు, పిల్లలందరికీ, చూడకపోవడంవల్ల, రాయించుకున్నవారికి, ఇవ్వాల్సివచ్చిందంటే.

మూడో గుంపు, పదం సరైనదే, వాక్యంలో తప్పు: రేపు పురస్కార ప్రధానం. పాఠం అర్ధం కాలేదు. గ్రహప్రవేశానికి రండి. మూడో నేల జీతం రాలేదు. కల్లు తిరిగి పడిపోయాడు.

మొదటి గుంపులో 8కి తగ్గకుండా పట్టుకుని, రెండో గుంపులో 3కి మించి గీతలు పెట్టకపోతే ఆ పరికరం పనికొస్తుంది. గీత పెట్టడమే కాదు, సూచించిన మాటల్లో సరైనది మొదటి మూడింటిలో ఉందా అన్నదీ చూడండి. మూడో గుంపులో పదాల జాబితాతో నడిచేవి ఒక్కటీ పట్టుకోలేవు. వాటి మీద కోపం తెచ్చుకోవద్దు. ఆ ఐదూ మీ కంటి పని.

ఆన్‌లైన్‌లో పేస్ట్ చేసే ముందు ఇంకొక్క జాగ్రత్త. ఆధార్ నంబర్లు, వీలునామాలు, వైద్య నివేదికలు, ఇంకా జరగని పరీక్షల ప్రశ్నపత్రాలు ముక్కు ముఖం తెలియని వెబ్‌సైట్లలో పెట్టకండి. వాటిని కంప్యూటర్‌లోనే ఉండే స్పెల్‌చెకర్‌తో చూసుకోండి.

5. కంప్యూటర్‌లో తెలుగు స్పెల్‌చెక్ అమర్చుకోవడం

లిబ్రేఆఫీస్ వర్డ్ వంటి ఉచిత ప్రోగ్రాము. దీనికి తెలుగు పదకోశం ఉంది. టూల్స్, ఆప్షన్స్, లాంగ్వేజ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి 'కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్' దగ్గర తెలుగు ఎంచుకోండి. భాష పక్కన టిక్కుతో కూడిన గుర్తు కనిపిస్తే పదకోశం ఉన్నట్టు. లేకపోతే ఇన్‌స్టాల్ మళ్లీ నడిపి, 'కస్టమ్' ఎంచుకుని, తెలుగు పదకోశాన్ని టిక్కు పెట్టి చేర్చండి. ఎఫ్7 నొక్కితే తనిఖీ మొదలవుతుంది.

మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో రాత మొత్తం సెలెక్ట్ చేసి రివ్యూ, లాంగ్వేజ్, సెట్ ప్రూఫింగ్ లాంగ్వేజ్ వరసలో వెళ్లి తెలుగు ఎంచుకోండి. అదే పెట్టెలో 'స్పెల్లింగ్, గ్రామర్ చూడవద్దు' అనే గడిలో టిక్కు ఉంటే తీసేయండి. ఒక్క ఎర్రగీత కూడా లేని తెలుగు ఫైలు చూసి చాలామంది తప్పుల్లేవనుకుంటారు. చాలాసార్లు అసలు తనిఖీయే జరిగి ఉండదు. నమ్మకం కోసం చివర 'భాద్యత' అని ఒక తప్పు పదం కొట్టి చూడండి. దానికి గీత పడకపోతే అమరిక కుదరలేదు. చూశాక ఆ పదం తీసేయడం మరవకండి.

6. మొదటి దఫా: యంత్రంతో

ముందు స్పెల్‌చెకర్‌ను నడిపి, గీత పడ్డ ప్రతి పదం దగ్గరా మూడే ప్రశ్నలు వేసుకోండి. ఇది అతుకు పదమా? మనిషిదో ఊరిదో పేరా? నిజంగా తప్పా? అతుకు పదమైతే 'ఇగ్నోర్' చాలు. పేరైతే మూలంతో పోల్చి, సరైనదని తేలాకే 'యాడ్ టు డిక్షనరీ' నొక్కండి. అనుమానంగా ఉంటే ఆంధ్రభారతి వెబ్‌సైటులోని నిఘంటు శోధనలో చూడండి. అందులో బ్రౌణ్య నిఘంటువు, శబ్దరత్నాకరం వంటివి ఒకేచోట వెతకొచ్చు. గూగుల్‌లో ఎన్నిచోట్ల కనిపించిందో లెక్కపెట్టి నిర్ణయించకండి. 'భాద్యత' కూడా అక్కడ కోకొల్లలు.

తర్వాత, గీత పడినా పడకపోయినా, ఈ కింది ఒత్తుల దగ్గర ఆగాలి. తెలుగు రాతలో ఎక్కువ తప్పులు పోగయ్యేది ఇక్కడే. ఫైండ్ పెట్టెలో ఒక్కొక్క ఒత్తునూ కొట్టి, దొరికిన ప్రతి పదాన్నీ చూడండి.

ర్థ, ర్ధ: అర్థం, పదార్థం, విద్యార్థి, అభ్యర్థి, ప్రార్థన, ఆర్థిక, వ్యర్థం, తీర్థం, సమర్థుడు. వీటన్నిటికీ థ. అర్ధరాత్రి, వర్ధంతి, స్పర్ధ, నిర్ధారణ. వీటికి ధ. గుర్తుపెట్టుకోవడం తేలికే: భావం, ప్రయోజనం, డబ్బు అనే అర్థాల నుంచి పుట్టినవి థ, సగం అనే అర్థం ఉన్నవి ధ. మిగిలిన కాసిని మాటలు కంఠతా పట్టాల్సిందే.

ద్ధ, ద్ద: బుద్ధి, సిద్ధం, శుద్ధి, యుద్ధం, శ్రద్ధ, పద్ధతి, అభివృద్ధి సంస్కృతం నుంచి వచ్చినవి, ధ ఒత్తు. పెద్ద, కొద్ది, ముద్ద, పొద్దు, హద్దు, వద్దు మన వాడుక మాటలు, ద ఒత్తు.

ష్ఠ, ష్ట: జ్యేష్ఠ, కనిష్ఠ, గరిష్ఠ, శ్రేష్ఠ, నిష్ఠ, ప్రతిష్ఠ. ఇష్టం, కష్టం, నష్టం, స్పష్టం, దృష్టి, సృష్టి, విశిష్టం. 'జ్యేష్ఠ పుత్రుడు' అన్నచోట ఠ పోవడం శుభలేఖల్లో దాదాపు ఆనవాయితీ అయిపోయింది. ఇంటిపెద్ద కొడుకు పెళ్లికి ఆ ఒక్క ఒత్తు సరిగా పడేలా చూసుకోవాలి కదా.

స్థ, స్త: సంస్థ, వ్యవస్థ, స్థలం, స్థితి, ఆస్థానం. ఆస్తి, ప్రస్తుతం, ప్రస్తావన, వాస్తవం, విస్తరణ, స్తంభం.

బాధ కుటుంబం: బాధ, బాధితుడు, బాధ్యత. మూడింటికీ మొదట బ, తర్వాత ధ. భాద, భాధ, బాద మూడూ తప్పే.

వట్రసుడి, క్రావడి: గృహం అంటే ఇల్లు, గ్రహం అంటే ఆకాశంలో తిరిగేది. కృ, క్ర ఉన్న ప్రతిచోటా ఒకసారి నోటితో పలికి చూడండి.

విసర్గ: దుఃఖం, పునఃప్రారంభం, అంతఃకరణ. ఇక్కడ విసర్గ బదులు రెండు చుక్కల విరామచిహ్నం కొట్టేస్తుంటారు. చూపుకు తేడా తెలియదు, కానీ పదం రెండు ముక్కలవుతుంది. వరస చివర ఒక ముక్క, కింది వరసలో ఒక ముక్క పడి ఉంటే కారణం అదే.

'రీప్లేస్ ఆల్' మాత్రం నొక్కకండి. 'ద్ది'ని 'ద్ధి'గా మార్చమంటే బుద్ది బుద్ధి అవుతుంది, దాంతోపాటే కొద్ది కొద్ధి అవుతుంది. 'భాద'ను 'బాధ'గా మార్చమంటే చాలా ప్రోగ్రాములు భాద్రపదాన్ని బాధ్రపదం చేస్తాయి. ఒక్కొక్కటీ చూసి మార్చండి.

7. రెండో దఫా: కంటితో

ఈ దఫా కాగితం మీద చేయాలి. రాసేటప్పుడు వాడిన ఫాంటు మార్చండి: నిర్మలలో రాసి ఉంటే మండలికో, నోటో సాన్స్ తెలుగుకో. సైజు 14, వరసల మధ్య ఒకటిన్నర ఎడం. కొత్త ఆకారంలో కనిపిస్తే కన్ను ఊహించడం తగ్గిస్తుంది, చూడటం మొదలుపెడుతుంది.

పోస్టుకార్డు ముక్కకు మధ్యలో ఒక వరస పట్టేంత కిటికీ కోయండి. పేజీ మీద పెట్టి ఒక్కొక్క వరసే చదవండి. కింది వరస కనిపించకపోతే కన్ను ముందుకు దూకదు.

పేరాలను చివరి నుంచి మొదటికి చదవండి. చివరి వాక్యం ముందు, తర్వాత దాని పైది. కథనం తెగిపోతుంది కాబట్టి ప్రతి వాక్యం విడిగా నిలబడుతుంది. శీర్షికలు, పేర్లు, చిరునామాలైతే వాక్యాలుగా కూడా వద్దు, పదం పదంగా వెనక్కి రండి.

ఈ జంటల జాబితా పక్కన ఉంచుకోండి. రెండూ నిఘంటువులో ఉన్న మాటలే కాబట్టి యంత్రం వీటి జోలికి రాదు:

☐ నెల, నేల
☐ మెడ, మేడ
☐ వెళ్లు, వేళ్లు
☐ కల, కళ
☐ కళ్లు, కల్లు
☐ వేల, వేళ
☐ ప్రదానం, ప్రధానం
☐ మద్యం, మధ్య
☐ సకలం, శకలం
☐ విధి, వీధి

చివరగా పదాల తోకలు చూడండి. మన భాషలో లింగం, వచనం, మర్యాద అన్నీ క్రియ చివరనే ఉంటాయి. 'మంత్రి వచ్చాడు' అని ఒకచోట, 'మంత్రి చెప్పారు' అని ఇంకోచోట ఉంటే రెండూ సరైన పదాలే, రాత మాత్రం చెడింది. కర్త బహువచనమైతే క్రియ కూడా అలాగే ముగిసిందా? ఒక పెన్నుతో కర్తకూ క్రియకూ గీత కలుపుతూ పోతే పొడుగు వాక్యాల్లోనూ దొరికిపోతుంది.

8. మూడో దఫా: చెవితో

ఇద్దరుంటే మేలు. ఒకరు మూలం పైకి చదవాలి, రెండోవారు ప్రూఫు మీద వేలు పెట్టి వెంట రావాలి. చదివేవారు విరామచిహ్నాలు కూడా పలకాలి: 'కామా', 'కొత్త పేరా'. అంకెలను విడివిడిగా చెప్పాలి: 9-8-4 అని, తొమ్మిది వందల ఎనభై నాలుగు అని కాదు.

ఒక్కరే ఉంటే ఫోనులో రాతను చదివి వినిపించే సదుపాయం వాడుకోండి. గూగుల్ గొంతు తెలుగు చదువుతుంది. రెండుసార్లు పడిన మాట, ఎగిరిపోయిన మాట, పోయిన దీర్ఘం చెవికి వెంటనే తగులుతాయి. ద-ధ, ట-ఠ తేడాలు మాత్రం వినబడతాయని ఆశపెట్టుకోవద్దు. అవి 6వ మెట్టులోనే తేలిపోవాలి.

9. ఏఐ పరికరాలతో దిద్దించాలంటే

ఇవి వాక్యాన్ని కూడా చూస్తాయి కాబట్టి 'పురస్కార ప్రధానం' వంటివి పట్టుకునే అవకాశం ఉంది. చిక్కల్లా, అడగనివీ మార్చేస్తాయి. మీ ఊరి మాటను పుస్తకాల మాట చేస్తాయి, ఇంటిపేర్లు మారుస్తాయి, వాక్యాన్ని తిరగరాస్తాయి.

'తిరిగి రాయవద్దు. తప్పు పదం, సరైన పదం, అది ఉన్న వాక్యం వరసగా ఇవ్వు' అని అడగండి. ఒకేసారి రెండు మూడు వందల పదాలకు మించి ఇవ్వకండి. జాబితా వచ్చాక ప్రతి సవరణనూ మీరే ఫైలులో చేయండి. అది చెప్పిందంతా సరైనదని అనుకోకూడదు. సరైన పదాన్నీ తప్పంటుంది. ఒకవేళ దిద్దిన ఫైలునే తీసుకుంటే, వర్డ్‌లో రివ్యూ కింద 'కంపేర్'తో గాని, లిబ్రేఆఫీస్‌లో 'కంపేర్ డాక్యుమెంట్'తో గాని మూలంతో పోల్చి, మారిన ప్రతి చోటా చూడండి.

10. తరచూ ఎదురయ్యే చిక్కులు

ఒకే పదం ఒకచోట సరైనది, మరోచోట తప్పు అని చూపిస్తోంది. కంటికి కనిపించని అక్షరం ఒకటి నడుమ ఉంది. 'సాఫ్ట్‌వేర్'లో ట పొల్లుకూ వేకూ మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటేనే ఒత్తు పడకుండా విడిగా నిలుస్తుంది. అది లేకపోతే 'సాఫ్ట్వేర్' అవుతుంది. కొన్ని వెబ్‌సైట్లలో పేస్ట్ చేసి తిరిగి తెచ్చుకుంటే ఇది రాలిపోతుంది. సరిగా ఉన్న పదాన్ని కాపీ చేసి, పాడైన చోట పేస్ట్ చేయండి.

ఐత్వం ఉన్న పదాలు వెతికితే కొన్ని దొరకడం లేదు. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ రాయొచ్చు, ఎత్వం పక్కన ఇంకో గుర్తు చేర్చి రెండు సంకేతాలుగానూ రాయొచ్చు. పాత ఫాంటు నుంచి మార్చిన ఫైళ్లలో రెండూ కలిసి ఉండొచ్చు. దొరకని పదాన్ని చెరిపి మళ్లీ టైపు చేయండి.

అక్షరం పక్కన చుక్కల సున్న కనిపిస్తోంది. గుణింతం గుర్తు హల్లు లేకుండా ఒంటరిగా పడింది, లేదా రెండు గుణింతాలు ఒకే హల్లుకు తగిలాయి. ఆ అక్షరం మొత్తం చెరిపి కొట్టండి. గుర్తును మాత్రమే చెరపబోతే ఇంకొంత పాడు కావచ్చు.

తప్పు పదాన్ని పొరపాటున పదకోశంలో చేర్చేశారు. ఇక అది ఎప్పటికీ తప్పని చూపదు. వర్డ్‌లో ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్, కస్టమ్ డిక్షనరీస్ వరసలో వెళ్లి జాబితాలోంచి తీసేయండి. లిబ్రేఆఫీస్‌లో లాంగ్వేజ్ సెట్టింగ్స్ కింద 'రైటింగ్ ఎయిడ్స్'లో ఉంటుంది. ఏడాదికోసారి ఆ జాబితా మొత్తం చదవడం మంచిది.

11. అచ్చుకు ఇచ్చే ముందు

మీ ఫైలులో ఒక్క తప్పు లేకపోయినా ప్రెస్సులో చేరవచ్చు. చాలా డీటీపీ సెంటర్లలో యూనికోడ్ రాతను పాత ఫాంటులోకి మారుస్తారు. ఆ మార్పిడిలో మూడేసి హల్లులు కలిసిన అక్షరాలు, విసర్గలు, పొల్లులు దెబ్బతింటాయి. అందుకని ప్రెస్సువాళ్లు ఇచ్చే పీడీఎఫ్‌నే మళ్లీ చూడాలి. 'మీరు పంపిందే వేశాం' అన్న మాట విని వదిలేయకండి.

☐ రాష్ట్రం, శాస్త్రం, స్వాతంత్ర్యం, దారిద్ర్యం వంటి మాటల్లో మూడు హల్లులూ ఉన్నాయా?

☐ క్ష, జ్ఞ, ఋ, ఃలు సరిగా దిగాయా?

☐ కొటేషన్ గుర్తులు, కామాలు వింత అక్షరాలుగా మారాయా?

☐ వరస చివర పదం విరిగిన చోట, పొల్లు గాని గుణింతం గాని కింది వరస మొదట్లో పడిందా?

☐ తేదీకి వారం సరిపోయిందా? క్యాలెండర్ తెరిచి చూడండి. ముహూర్తం రాత్రి 12 దాటాక ఉంటే, ఏ తేదీ రాత్రో కార్డులో తేటగా ఉందా?

☐ ఫోను నంబరులో 10 అంకెలు ఉన్నాయా? కాగితం మీద చూసి ఫోనులో కొట్టి, ఒకసారి రింగ్ ఇవ్వండి.

☐ పేర్లను ఆ పేరుగలవారికే చూపించారా? వారి ఆధార్ కార్డులోనో, పాత శుభలేఖలోనో ఉన్న వరసకు సరిపోయిందా?

☐ పెద్ద అక్షరాల శీర్షికను విడిగా, ఒక్కొక్క అక్షరంగా చదివారా? ఫ్లెక్సీల్లో తప్పు మిగిలేది ఎక్కువగా అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లోనే. లోపలి రాతను దిద్దే హడావిడిలో దాన్ని ఎవరూ చదవరు.

ఒక్క సవరణ చెప్పినా పీడీఎఫ్ మళ్లీ తెప్పించుకోండి. సవరించిన మాటతో పాటు దాని పై వరస, కింది వరస కూడా చదవండి. అక్కడే కొత్త తప్పు పుడుతుంది. అన్నీ సరిపోయాక చివరి ప్రతి మీద 'అచ్చుకు సరే' అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి ఇవ్వండి. దాని ఫొటో ఒకటి మీ ఫోనులో ఉంచుకోండి.